పెట్టె కంటే ముందు తెర

మూడు వారాలుగా మా హాల్లో రెండు ప్లైవుడ్ షీట్లు గోడకు ఆనించి ఉన్నాయి. వచ్చినవాళ్లంతా "ఏం, పూజగది చేయిస్తున్నారా?" అని అడుగుతున్నారు. కాదండీ, వీడియో గేమ్ పెట్టె అని చెబితే ఒకసారి నా నెరిసిన జుట్టు వంక చూసి ఊరుకుంటున్నారు.

ఆచారిని పిలిపించి కాగితం మీద గీసుకున్న బొమ్మ చూపించాను. నిలువెత్తు పెట్టె, నడుం ఎత్తులో జాయ్‌స్టిక్కులు, బటన్లు, పైన తెర. ఆయన అంతా విని, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని ఒకే మాట అన్నాడు.

"టీవీ ఏదో ముందు తెచ్చియ్యండి సార్. కొలత లేకుండా యాడ కొయ్యమంటారు?"

ఏదో ఒక టీవీ పెడదాంలే అనుకున్నాను అప్పటిదాకా. ఆ 'ఏదో ఒకటి' తేల్చుకోవడానికే ఈ మూడు వారాలూ పట్టింది.

ఇంతకీ ఈ వయసులో ఈ పిచ్చి ఎందుకంటారా? 1990ల్లో తిరుపతిలో పెరిగిన మగపిల్లలకు చెప్పనక్కర్లేదు. తిలక్ రోడ్డు పక్క సందులో ఒక చీకటి గది, అందులో నాలుగు పెట్టెలు, రూపాయికి ఒక కాయిన్. 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనే ఆట తెచ్చింది. ఆ పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. అందులో పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నేవాడి పేరు ముస్తఫా. అందుకని దేశమంతా దాన్ని 'ముస్తఫా గేమ్' అనే పిలిచింది. నేనూ మా అన్నా ట్యూషన్‌కని బయలుదేరి అక్కడ తేలేవాళ్లం. ఇద్దరం పక్కపక్కన నిలబడి, భుజం భుజం ఒరుసుకుంటూ ఆడేవాళ్లం. ఒకరోజు నాన్న వెనకాల వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాతి సంగతి వీపుకే తెలుసు.

ఇప్పుడు అన్న చిత్తూరులో, నేను తిరుపతిలో. మధ్య దూరం 70 కిలోమీటర్లే. నాన్న పోయాక ఇల్లూ కయ్యా పంచుకున్నాం. పంపకాల్లో ఎవరూ గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో, అంతటితో పోయేది. పండక్కి ఫోను, పెళ్లిళ్లలో పలకరింపు... అంతే మిగిలింది. ఇక్కడ మా పదకొండేళ్లవాడు ఫోనులో తల దించుకుని ఒంటరిగా ఆడుతుంటాడు. మే నెలలో గంగమ్మ జాతరకు అన్న పిల్లలు వస్తే, నలుగురూ ఒక తెర ముందు తోసుకుంటూ నిలబడితే చూడాలనిపించింది. అదీ అసలు సంగతి.

సరే, తెర దగ్గరికి వద్దాం.

ఆ కాలపు ఆటలన్నీ పిక్చర్ ట్యూబు కోసం పుట్టినవి. ముస్తఫా ఆట బొమ్మలో అడ్డంగా 384 చుక్కలు, నిలువుగా 224 గీతలు. ట్యూబులో ఎలక్ట్రాన్ల పిచికారీ ఆ గీతల్ని పైనుంచి కిందికి సెకనుకు 60 సార్లు గీస్తుంది. చుక్క పక్కన చుక్క కొంచెం అలుక్కుని కలిసిపోతుంది. ఆ అలుకుడు వల్లే బొమ్మ నునుపుగా కనబడేది. ఇప్పటి ఎల్‌సీడీ తెరలో చుక్కలు గళ్లనోటు పుస్తకంలా ముందే కోసిపెట్టి ఉంటాయి. 224 గీతల్ని 1080 వరసల్లోకి సాగదీయాలి. నాలుగు రెట్లు చేస్తే 896, అయిదు రెట్లు చేస్తే 1120. సరిగ్గా సరిపోదు. బలవంతంగా నింపితే ఒక గీత లావు, ఒక గీత సన్నం అవుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. 384ను 224తో భాగిస్తే 1.71 వస్తుంది. ఇప్పటి వెడల్పు టీవీల నిష్పత్తి 1.78. 'ఆహా, సరిపోయిందే' అనుకుని తెర నిండా పరిచేస్తారు చాలామంది. కానీ ఆ ఆట బొమ్మను 4:3 ట్యూబులో ఇరికించి చూపించేవారు. వెడల్పు తెర నిండా పరిస్తే ముస్తఫా మూడోవంతు లావెక్కుతాడు. మనమంతా లావెక్కాం, వాణ్నయినా వదిలేద్దాం.

అయితే పాత ట్యూబు టీవీ దొరికితే చాలు కదా? దొరుకుతుంది. మా నాన్న 1996 ప్రపంచకప్ క్రికెట్ కోసం కొన్న 21 అంగుళాల టీవీ. పంపకాల్లో అది అన్న వాటాకు పోయింది. అడగాలంటే చిత్తూరు వెళ్లాలి.

వెళ్లాను. చేతిలో రాస్ప్‌బెర్రీ పై ఉంది. అరచేతిలో పట్టే కంప్యూటర్, 2012లో మొదటిసారి మార్కెట్లోకి వచ్చింది. సంచిలో ఒక జాయ్‌స్టిక్, ఆఫీసు నుంచి అడిగి తెచ్చుకున్న ఒక మానిటర్. గుమ్మంలో నన్ను చూసి అన్న, "ఏమిరా, దోవ తప్పి వచ్చినావే" అన్నాడు. విషయం చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. "నాయన టీవీనా? అటక మీద ఉండాది. ఎవురూ ముట్టలా" అన్నాడు.

ఇద్దరం దించాం. మా చిన్నప్పటి నుంచి తెలిసిన పాత టీవీ మెకానిక్‌ను పిలిచాం. ఆయన దుమ్ము దులిపి, రెండు కెపాసిటర్లు మార్చి స్విచ్ వేశాడు. టప్‌మని వెలిగింది! పై నుంచి పసుపు పిన్ను తీసుకెళ్లి ఏవీ సాకెట్లో గుచ్చితే బొమ్మ వచ్చింది గానీ నలుపు తెలుపులో. మన టీవీల పద్ధతి పాల్. 625 గీతలు, సెకనుకు 50 సార్లు. ఆట సెకనుకు 60 సార్లది, నేను పంపింది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. టీవీ మెనూలోకి వెళ్లి కలర్ సిస్టమ్ మార్చగానే రంగులొచ్చాయి. అది రెండు పద్ధతులూ పట్టే సెట్టు కాబట్టి సరిపోయింది.

అన్న జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. మొదట మొహమాటంగా, తర్వాత మోకాళ్లు కొంచెం వంచి. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత కూడా చెయ్యి మరిచిపోలేదు. ఒక్క ప్రాణంతో మొదటి మజిలీ దాటేశాడు.

తర్వాత అదే ఆట వాళ్ల హాల్లోని 43 అంగుళాల టీవీకి కలిపాను. నిమిషంలో చచ్చిపోయాడు. "ఈ బటన్ బాగలేదురా" అన్నాడు. బటన్ అదే! తేడా టీవీలో ఉంది. ఇప్పటి టీవీ వచ్చిన బొమ్మను వెంటనే చూపించదు. పట్టుకుని మెరుగులు దిద్ది అప్పుడు వదులుతుంది. సినిమాకు అది మంచిదే. ఆటలో ఒక్కో ఫ్రేము సెకనులో 60వ వంతు. మూడు నాలుగు ఫ్రేములు ఆలస్యమైతే మనం ఎగిరే లోపల డైనోసార్ కరిచేస్తుంది. సెట్టింగుల్లో 'గేమ్ మోడ్' పెడితే ఆలస్యం చాలావరకు తగ్గింది. ఆఫీసు మానిటర్ మీద అయితే అన్న అసలు తేడా చెప్పలేదు. నేను ఇంటర్నెట్‌లో వారం రోజులు చదివిన దానికంటే అన్న బొటనవేలే బాగా చెప్పింది.

ఇక నాన్న టీవీయే పెట్టెలో పెడదామని నిర్ణయానికి వచ్చేశాను. అప్పుడు మెకానిక్ నోరు విప్పాడు.

"పెట్టెలోనా? పిల్లోళ్లు ఆడేదానికా? వద్దు నాయనా. దీంట్లో ఇరవై వేల వోల్టులకు పైన ఉంటాది. ప్లగ్గు పీకినా ట్యూబులో కరెంటు నిలబడే ఉంటాది. దీనికి పెద్ద డబ్బా ఉండాది కాబట్టి ఇన్నాళ్లూ ఎవురికీ ఏమీ కాలా. మీరు డబ్బా ఇప్పి చెక్కపెట్టెలో బిగిస్తిరా... నేనుండగా బాగు చేస్తా. నా తర్వాత ఎవురు చేస్తారు?"

ఆ మాటతో నా పథకం ఆగిపోయింది. పిక్చర్ ట్యూబులు తయారుచేసే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. విడి భాగాలు ఇంకో చచ్చిన టీవీ నుంచి పీక్కోవాల్సిందే. ట్యూబు గాజులో సీసం ఉంటుంది, పగిలితే ఊడ్చి చెత్తబుట్టలో పారేసే సరుకు కాదు. తెరను ఎంచుకోవడమంటే బొమ్మను ఎంచుకోవడం మాత్రమే కాదు, రేపు చెడిపోతే ఎవరి గుమ్మం తొక్కాలో కూడా ఇవాళే ఎంచుకోవడం.

దాంతో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. రైలు రేణిగుంటలో ఆగినప్పుడు నవ్వొచ్చింది. ఒకప్పుడు టీవీ కొనాలంటే మద్రాసు వైపు చూసిన ఊళ్లివి. ఇప్పుడు ఇక్కడే టీవీలు తయారవుతున్నాయి. 2018లో షావోమీ టీవీల తయారీ తిరుపతిలోని డిక్సన్ ఫ్యాక్టరీలో మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులోనే టీసీఎల్ తెరల ఫ్యాక్టరీకి తిరుపతి దగ్గర శంకుస్థాపన జరిగింది. అయినా నాలాంటి చిల్లర బేరగాడికి రిచీ స్ట్రీటే గతి.

అక్కడ పాత 4:3 మానిటర్లు సెకండ్‌హ్యాండ్‌లో ఉన్నాయి. 1600 చుక్కల వెడల్పు, 1200 ఎత్తు ఉన్న 20 అంగుళాలది ఒకటి ఊరించింది. 224కు అయిదు రెట్లు 1120 అందులో చక్కగా కూర్చుంటుంది. కానీ లోపలి లైటు మసకబారింది, గ్యారంటీ లేదు. మెకానిక్ మాట గుర్తొచ్చి కింద పెట్టేశాను. చివరికి 24 అంగుళాల కొత్త మానిటర్ తీసుకున్నాను, మూడేళ్ల వారంటీతో.

మీలో ఎవరికైనా ఈ పిచ్చి ఉంటే నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. 24 అంగుళాల వెడల్పు తెర మధ్యలో 4:3 బొమ్మ పెడితే అది దాదాపు 19.6 అంగుళాలవుతుంది, అంటే పాత 21 అంగుళాల టీవీకి దగ్గరే. 32 అంగుళాల టీవీ అయితే వెడల్పే 28 అంగుళాలు, రెండడుగుల పెట్టెలో పట్టదు. ప్యానెల్ ఐపీఎస్ రకమో కాదో అడగండి. చవక టీఎన్ ప్యానెళ్లు కింది నుంచి చూస్తే నల్లబడతాయి, పొట్టి పిల్లలకు ఏమీ కనబడదు. కరెంటు పోయి వస్తే తెర తనంతట తానే వెలుగుతుందో లేదో అంగట్లోనే ప్లగ్గు పీకి చూడండి. లేకపోతే ప్రతిసారీ పెట్టె వెనక చెయ్యి పెట్టి తడుముకోవాలి. ముందు గట్టి గాజు పలక బిగించండి, ఓడిపోయినవాడి కోపం తెర మీదే కదా! ఇక ట్యూబు గీతల నునుపు కావాలంటే దాన్ని అనుకరించే ఫిల్టర్లు ఆ చిన్న కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అచ్చం అలాగే ఉండదు. ఉందనుకోవచ్చు.

మానిటర్ చూడగానే ఆచారి మొహం వికసించింది. టేపు తీసి కొలిచి, అదే రోజు కోత మొదలుపెట్టాడు. బొమ్మకు అటూ ఇటూ మిగిలిన రెండున్నర అంగుళాల నల్ల పట్టీల మీద మావాడు అట్టముక్క అతికించి డైనోసార్లు గీస్తున్నాడు. ఒక డైనోసార్ అచ్చం వాళ్ల లెక్కల మాస్టారిలా ఉంది. నేనేమీ అనలేదు.

మరి నాన్న టీవీ? చిత్తూరు నుంచి వచ్చేముందు, "దాన్ని నేను తీసుకుపోయి జాగ్రత్తగా పెట్టుకుంటాన్లే" అన్నాను అన్నతో. తెచ్చుకోవాలనే ఉంది మనసులో.

"అది యాడికీ వచ్చేది లేదు" అన్నాడు అన్న, తెర మీద గుడ్డతో తుడుస్తూ. "మళ్లీ అటకెక్కించను. హాల్లోనే పెడతా. ఆడాలనిపిస్తే నువ్వే రా. డెబ్బై కిలోమీటర్లు ఏమంత దూరం?"

పెట్టె పూర్తి కావడానికి ఇంకో పది రోజులు పడుతుందట. ఈలోగా వచ్చే ఆదివారం నేను చిత్తూరు వెళుతున్నాను. రెండో జాయ్‌స్టిక్ కూడా కొన్నాను.