చౌక సఫర్ ఎవరికి?

యూరప్ ముసాఫిర్లకి నాలుగు రోజుల మాల్టా సఫర్ చౌక బేరం. వాళ్ల విమానం టికెట్టు ఒక్కోసారి మన తిరుపతి–హైదరాబాద్ బస్సు చార్జీ అంతే. మన జేబుకి మాత్రం విమానం ఎక్కకముందే చిల్లు. 2024 జూన్ నుంచి షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు. మియాబీబీలిద్దరికీ కలిపి పదహారు వేల పైమాటే. వేలిముద్రలకి చెన్నైకో హైదరాబాద్‌కో పరుగు, 30,000 యూరోల బీమా సరేసరి. ఆపైన ఖాతాలో నిల్వ చూపమంటారు. చిత్తూరు మామిడి మండీలో రొక్కం మీదే కారోబార్ నడిపే ఆసామి ఏ కాగితం చూపాలి?

అదే మాల్టావాడు మన దేశం చూడాలంటే ఇంట్లో కూర్చునే ఈ-వీసా తీసుకుంటాడు.

ఇన్కార్ చేస్తే చేయండి, హుజూర్! ఫీజులో సగమన్నా వాపస్ ఇవ్వడం ఇన్సాఫ్ కాదా? ఇప్పుడు పైసా రాదు.