లాటిన్ ఎవరి సొత్తు?

ఇంగ్లండులో లాటిన్ దొరబిడ్డల చదువు గనుక, కూలివాళ్ల పిల్లలకు అదెందుకని అడిగే అభ్యుదయవాదులున్నారు. ఈ వాదం నేనొప్పుకోను. 1960 వరకూ ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి ద్వారాలకు ఆ భాషే తాళం. తాళం తీశారు సరే, చదువెవరికి దక్కింది? 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ పాఠశాలలు నూటికి మూడైనా లేవనీ, ఫీజుల బడుల్లో దాదాపు సగం చెబుతున్నాయనీ బ్రిటిష్ కౌన్సిల్ 2020 నాటి సర్వే తేల్చింది.

2021లో టోరీ ప్రభుత్వం 40 లక్షల పౌన్లతో 40 ప్రభుత్వ పాఠశాలల్లో లాటిన్ పెడతామన్నది. వేలాది బడులకు నలభై! భిక్షే, కాదనను. ఆ భిక్షనైనా 2025 ఫిబ్రవరిలో, విద్యా సంవత్సరం నడుమ, నిలిపివేసిందెవరు? శ్రామికుల పేరు పెట్టుకున్న లేబరు ప్రభుత్వం! కూలివాని కూతురు వర్జిల్‌ను చదివితే ఏ వర్గానికి నష్టం? ఫీజుల బడుల్లో మాత్రం ఆ ఫిబ్రవరిలోనూ పాఠం ఆగలేదు.