కేక కాలిది, జబ్బు నడుముది

జబ్బులకు పేర్లు పెట్టడంలో మన పూర్వులు గడుసువారు. పిరుదు నుంచి మడమ దాకా కాలంతా లాగేసే నొప్పికి "గృధ్రసి" అని పేరు పెట్టారు. గృధ్రమంటే రాబందు. ఈ బాధ పడేవారి నడక రాబందు నడకలా ఉంటుందని దాని భావమట. రెండేళ్ల క్రితం ఆ నొప్పి నా ఎడమ కాలికి వచ్చినప్పుడు, నల్లబల్ల నుంచి కుర్చీ దాకా నేను నడిచిన తీరు చూసిన విద్యార్థులెవరూ ఆ వ్యుత్పత్తిని కాదనరు.

ఇంగ్లీషు వైద్యంలో దీన్నే సయాటికా అంటారు. ఈ నొప్పి పిరుదు దగ్గర మొదలై తొడ, మోకాలు, పిక్కల మీదుగా పాదానికి దిగుతుందని చరకసంహిత వరసగా చెప్పింది. ఈనాటి డాక్టరు బొమ్మ గీసి చూపించే దారీ అదే. అది సయాటిక్ నరం దారి. మన ఒంట్లో నరాలన్నిటిలోకీ లావైనది. వెన్ను కింది భాగం నుంచి వచ్చే ఐదు వేళ్లు కలిసి ఆ నరమవుతాయి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లల్లో, అంటే డిస్కుల్లో, ఒకటి ఉబ్బి నరం వేరును ఒత్తితే నొక్కుడు నడుములో, కేక కాలిలో! ఈ కిటుకును బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ 1934లో తేటతెల్లం చేశారు. కాలికి ఎంత తైలం పట్టించినా మూలం కదలనిది అందుకే.

ఇక ఇంట్లో వైద్యం సంగతి. పక్కింటి పిన్నిగారు ఎదురుకాళ్లతో పుట్టిన కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు, నా నడుము తొక్కించడానికి. ఉబ్బిన బిళ్ల మీద ఆ పాదం మోపించుకునే ధైర్యం లేక కాఫీ ఇచ్చి పంపాను. మా అత్తగారు, "అమ్మాయ్, కదలకుండా పడుకో," అన్నారు. ఆవిణ్ణి తప్పుపట్టలేం. చాలాకాలం డాక్టర్లూ ఆ మాటే అన్నారు. అయితే 1999లో వెలువడిన ఒక పరిశోధనలో, హాలండులో 183 మంది రోగులను రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టు రెండు వారాలు మంచం మీద ఉంది. రెండోది ఓపినంతలో తిరుగాడింది. 12 వారాలకు రెండు జట్లలోనూ నూటికి 87 మందికి నెమ్మదించింది. మంచం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు.

"అత్తయ్యా, మంచం కన్నా వరండాయే మేలట," అని చెప్పి రోజుకు మూడుసార్లు పది నిమిషాలేసి నడిచాను. అరగంటకు మించి ఒకే తీరున కూర్చోలేదు, నిలబడలేదు. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. జవాబు పత్రాల కట్ట ఎత్తాలంటే నడుముకు బదులు మోకాళ్లు వంచాను. డాక్టరు రాసిన మాత్రలు కొద్దిరోజులు వాడాను. తొమ్మిదో వారానికి బాధ సద్దుమణిగింది.

కాని అందరి సయాటికా ఇలా ఓపికతో తగ్గేది కాదు. మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, రెండు కాళ్లూ నీరసించినా, పాదం పైకి లేవకపోయినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నరం మరీ నలిగితే ఆపరేషను ఆలస్యం కాకూడదు. ఇవన్నీ నోరు విప్పి చెప్పుకోవడానికి మన ఆడవాళ్లు సిగ్గుపడి రోజులు గడిపేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా నడుము పట్టుకుని మూలుగుతుంటే, "నొప్పి ఎలా ఉంది?" అని అడిగి ఊరుకోకండి, ఈ సంగతులు కూడా మెల్లిగా అడగండి.