మేడం మారితే మళ్లీ మొదటికేనా?

ఒక ఇంటి పరిస్థితి ఊహించండి. ఆటిజం ఉన్న అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. స్పెషల్‌ స్కూలు చదువు అయిపోయింది. ఒంటరిగా బస్సెక్కడం, డబ్బులు లెక్క చూసుకోవడం, చిన్న ఉద్యోగంలో కుదురుకోవడం నేర్పే కేంద్రంలో చేర్పించారు. అక్కడి మేడంకి అలవాటు పడటానికే ఆర్నెల్లు పట్టింది. మిక్సీ చప్పుడు పడదనీ, చిరాకు ముదిరే ముందు చొక్కా అంచు నలుపుతాడనీ ఆమె కనిపెట్టారు. సరిగ్గా అప్పుడే ఉద్యోగం మానేశారు. కొత్తగా వచ్చినవారికి అమ్మ మళ్లీ అన్నీ మొదటి నుంచీ చెప్పుకు రావాలి.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా వంటివి ఉన్నవారిని ఇప్పుడు ‘న్యూరోడైవర్స్‌’ అంటున్నారు. మెదడు పనిచేసే తీరు నలుగురికన్నా భిన్నంగా ఉంటుందని దీని అర్థం. వీరిలో చాలామందికి రోజూ ఒకే పద్ధతి, తెలిసిన మనుషులు ఉంటేనే నిలకడ. అందుకే కేంద్రంలో ఎవరున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎంతకాలం ఉంటారన్నదీ అంతే ముఖ్యం.

ఎందుకు వెళ్లిపోతారు?

ఈ సమస్య మన దగ్గరే కాదు. అమెరికాలో మేధోపరమైన, ఎదుగుదల లోపాలున్న పెద్దలకు తోడుండే సిబ్బందిలో ఏటా దాదాపు 40 శాతం మంది ఉద్యోగం వదిలేస్తున్నారని అక్కడి సర్వేలు చెబుతున్నాయి. జీతం తక్కువ, శ్రమ ఎక్కువ. దానికి తోడు, పదేళ్లు చేసినా అదే హోదా. పైపోస్టుకు ఎప్పుడూ బయటివారే వస్తుంటే ఎవరైనా ఎందుకు ఉంటారు?

దీనికి ఒక విరుగుడు లోపలివారికే పదోన్నతి. సహాయకురాలిగా చేరినవారు సీనియర్‌గా, ఆపై సమన్వయకర్తగా, చివరికి కేంద్రం నడిపేవారిగా ఎదిగే దారి ఉండాలి. అలా వచ్చినవారికి పిల్లల ఫైల్లో లేని సంగతులు కూడా తెలుస్తాయి. ఏ నిర్ణయం ఎవరిని కలవరపెడుతుందో ముందే ఊహించగలరు.

పదోన్నతి ఒక్కటే చాలదు

అయితే పిల్లలతో బాగా మెలిగేవారంతా మంచి నిర్వాహకులు కాలేరు. డ్యూటీలు వేయడం, ఖర్చు చూడటం, నిన్నటి తోటి ఉద్యోగికి తప్పు చెప్పడం వేరే విద్య. అది నేర్పకుండా కుర్చీలో కూర్చోబెడితే ఆమే కుదేలవుతారు. పైగా మంచి మేడంని ఆఫీసు గదికి పంపితే పిల్లలు ఆమెను పోగొట్టుకున్నట్టే. కాబట్టి పదోన్నతి తర్వాత కూడా వారంలో కొన్ని గంటలు పిల్లలతో గడపాలి. బాధ్యతలు తీసుకునే కొత్తవారు కొన్ని వారాలు పాతవారి పక్కనే ఉండి పనిచేయాలి.

ఇంకో చిక్కుంది. అందరూ లోపలివారే అయితే పాత తప్పులే పద్ధతులైపోతాయి. సహోద్యోగి మీద ఫిర్యాదు వస్తే కప్పిపుచ్చే ప్రమాదమూ ఉంది. అందుకే అప్పుడప్పుడూ బయటి నిపుణులతో పరిశీలన చేయించాలి. ఫిర్యాదు వినడానికి కేంద్రంతో సంబంధం లేనివారు ఒకరుండాలి.

నిచ్చెన వారికీ కావాలి

లోపలివారంటే జీతం తీసుకునే సిబ్బందేనా? అక్కడ శిక్షణ పొందిన యువత కూడా లోపలివారే కదా! అమెరికాలో ఆరి నీమన్‌ ఆటిజం ఉన్న వ్యక్తి. ఆటిజం ఉన్నవారి హక్కుల కోసం వారే నడిపే సంస్థను 2006లో స్థాపించారు. తర్వాత వైకల్యాల మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే జాతీయ మండలిలో సభ్యుడయ్యారు. మన కేంద్రాల్లోనూ నేర్చుకున్నవారు కొత్తవారికి బస్సు రూటు చూపించవచ్చు, వంట నేర్పవచ్చు. ఆ పనికి జీతం ఇవ్వాలి.

మన చట్టమూ ఇటే చూపుతోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ, నిర్దిష్ట అభ్యసన లోపాలనూ గుర్తించింది. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్‌ కల్పించి, అందులో 1 శాతం వీరికీ, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికీ కలిపి కేటాయించింది. సిబ్బంది ఎదుగుదలకూ దారి దగ్గర్లోనే ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌ మనోవికాస్‌ నగర్‌లోనే ఉంది. ఇక్కడ స్పెషల్‌ ఎడ్యుకేషన్‌ కోర్సులు నడుస్తాయి. ఆసక్తి ఉన్న సహాయకులను చదివించి పైకి తెచ్చుకోవాలని యాజమాన్యాలు అనుకోవాలి.

చేర్పించే ముందు అడగండి

* మా అబ్బాయిని చూసుకునేవారు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు?
* కేంద్రం నడిపేవారు ఎప్పుడైనా పిల్లలతో నేరుగా పనిచేశారా?
* ఒకరు మానేస్తే కొత్తవారికి అప్పగింత ఎలా జరుగుతుంది?
* ఇక్కడ నేర్చుకున్నవారిలో ఎవరైనా ఇక్కడే జీతానికి పనిచేస్తున్నారా?
* ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి?

ఏసీ గదులు, రంగుల గోడలు చూసి ఫీజు కట్టేస్తాం. కానీ ఈ పిల్లలున్న తల్లిదండ్రులను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటే: ‘మా తర్వాత వీడిని ఎవరు చూస్తారు?’ వీడిని ఎరిగిన మనిషి పదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉండే కేంద్రమైతే, ఆ రాత్రి కాస్త కన్ను మూతపడుతుంది.