భూమి ఇంకా బ్లాక్‌హోల్ కాలేదు

“వేగం పెరిగేకొద్దీ ద్రవ్యరాశి పెరుగుతుంది.” ఈ వాక్యం మన దగ్గర సామెతలా స్థిరపడిపోయింది. కోదాడలో నేను ఇంటర్ చదివేటప్పుడూ ఇదే పాఠం. అక్కడితో ఆగరు. కాంతివేగానికి దగ్గరగా పోయే వస్తువు బరువెక్కీ బరువెక్కీ చివరికి బ్లాక్‌హోల్ అయిపోతుందంటారు. వినడానికి బావుంటుంది. కానీ తప్పు.

మిర్యాలగూడ మిల్లులో కట్టిన 25 కిలోల బియ్యం బస్తా కాంతివేగంలో 99.5 శాతం వేగంతో సూర్యాపేట దాటిందనుకుందాం. రోడ్డు పక్కనున్న మనకి దాని శక్తి పది రెట్లు. బస్తా మీద కూర్చున్నవాడికి? అదే 25 కిలోలు, గింజ తేడా లేదు. వాడి లెక్కలో వెనక్కి పరిగెడుతున్నది సూర్యాపేట. వేగం చూసేవాణ్ణి బట్టి మారుతుంది. బ్లాక్‌హోల్ ఉందా లేదా అన్నది అలా మారదు.

నమ్మరా? 1991లో అమెరికాలోని యూటాలో ఒక కాస్మిక్ కిరణం జాడ పట్టుకున్నారు. అది ప్రోటానే అయితే, దాని శక్తి కదలకుండా ఉన్న ప్రోటాన్‌కి దాదాపు 30 వేల కోట్ల రెట్లు. దాని వైపు నుంచి చూస్తే అంత వేగంతో దూసుకొస్తున్నది మన భూమి! భూమి బ్లాక్‌హోల్ కావాలంటే దాన్ని 9 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలోకి నొక్కాలి. ద్రవ్యరాశి నిజంగా అన్ని రెట్లు పెరిగితే ఆ 9 మిల్లీమీటర్లు 27 లక్షల కిలోమీటర్లవుతాయి. భూమి వ్యాసార్ధం 6,400 కిలోమీటర్లే. అంటే మనమంతా అప్పుడే కృష్ణబిలంలో కలిసిపోయి ఉండాలి. సూర్యాపేట బస్టాండ్‌లో చాయ్ ఇంకా మరుగుతూనే ఉంది.

వేగానికీ గురుత్వానికీ సంబంధం లేదనట్లేదు. గురుత్వానికి మూలం ద్రవ్యరాశి ఒక్కటే కాదు. శక్తి, ద్రవ్యవేగం, పీడనం కూడా. పక్కనుంచి దూసుకుపోయే వస్తువు మనల్ని ఎక్కువగానే లాగుతుంది. ఎదురెదురుగా వచ్చి ఢీకొనే రెండు కణాల శక్తి ఇరుకు చోట పోగైతే, సిద్ధాంతం ప్రకారం, బ్లాక్‌హోల్ పుట్టొచ్చు కూడా. ఒంటరిగా పోయే కణంతో పాటు మనమూ పరిగెత్తితే దాని వేగం సున్నా అవుతుంది. ఢీకొనే రెండింటితోనూ ఒకేసారి పరిగెత్తలేం. తేడా అదే.

“సామాన్యులకి అర్థం కావాలి కదా” అన్న సాకు నాకు నచ్చదు. పెరిగే ద్రవ్యరాశి అన్న భావన మంచిది కాదని 1948లో లింకన్ బార్నెట్‌కి రాసిన ఉత్తరంలో ఐన్‌స్టీనే చెప్పాడు. కవితలో పోలిక కుదరకపోతే చీల్చి చెండాడతాం. సైన్సు వ్యాసంలో కుదరని పోలికకి చప్పట్లు కొడతాం. తెలుగులో సైన్సు రాసేవాళ్ళే తక్కువ, ఎలా రాసినా మెచ్చుకోవాలట! తక్కువ కాబట్టే జాగ్రత్తగా రాయాలి. ఒక తప్పు వాక్యాన్ని సరిదిద్దే రెండో వాక్యం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?