2022లో మా రూమ్‌కి నచ్చిన సినిమాలు, ఒక ఊరి పేరు

ఏడాది అయిపోవచ్చింది, అందరూ టాప్ టెన్‌లు పెడుతున్నారు. మేమూ పెడదామని కూర్చున్నాం. రాస్తూ ఉంటే లిస్టు కాస్తా ఇంకేదో అయింది. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేమంటే గుంటూరులో ఒకే హాస్టల్ రూమ్‌లో ఉండే ఐదుగురం. ఇద్దరం బొల్లాపల్లి వైపు తండాల సుగాలీలం. ఒకడు రేపల్లె వైపు యానాది, ఒకడు యర్రగొండపాలెం వైపు చెంచు, ఇంకొకడు బాపట్ల వైపు ఎరుకల. ఐదు ఇళ్లల్లోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. సినిమా పిచ్చి మాత్రం మాకంటే ముందు మా నాన్నలకే ఉంది.

మొదటిది భీమ్లా నాయక్, ఫిబ్రవరి 25. మలయాళం సినిమాకి రీమేక్ అని తెలుసు. అందులో మన బతుకు ఎంతుంది అంటే రాత్రంతా వాదించుకోవచ్చు, వాదించుకున్నాం కూడా. కానీ ఒక్క మాట. అప్పటిదాకా మా సుగాలీ వాడు ఇన్‌స్టాలో పేరు చివర నాయక్ తీసేసి రెండక్షరాల ముద్దుపేరు పెట్టుకున్నాడు. సినిమా వచ్చిన వారం అటెండెన్స్‌లో వాడి పేరు పిలిస్తే క్లాసంతా ఈలలు. ఎగతాళి ఈలలు కావు. ఆ రాత్రే పూర్తి పేరు మళ్లీ పెట్టుకున్నాడు. టైటిల్ పాటలో కిన్నెర మొగిలయ్య గొంతు విన్నాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకి ఈ ఏడాదే పద్మశ్రీ వచ్చింది. ఆ పాట మా తండాలో పెళ్లి బరాత్‌లో ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు.

రెండోది ఆర్ఆర్ఆర్, మార్చి 25. మొదటి పది రోజులు టికెట్ మీద అదనపు రేటు ఉంది కాబట్టి మేం ఆగాం. అది మిరప కోతల సీజన్. రెండు ఆదివారాలు మా అమ్మల పక్కన సాళ్లలో వంగి కాయలు కోసి, ఆ కూలి డబ్బుతో వెళ్లాం. చేతులు మండుతూనే ఉన్నాయి, ఇంటర్వెల్‌లో ఒకడు కళ్లు నలుపుకుని ఇంకా ఏడ్చాడు. అందరూ నాటు నాటు గురించి రాస్తున్నారు, ఆస్కార్ షార్ట్‌లిస్టులోకి వెళ్లింది కాబట్టి రాయాల్సిందే. మాకు మాత్రం గుర్తుండిపోయింది మొట్టమొదటి సీను. నాణేలు విసిరేస్తే, పాట పాడినందుకు ఇచ్చారనుకుంటుంది మల్లి తల్లి. అది పిల్లని కొన్న రేటు అని తర్వాత తెలుస్తుంది. మాట తెలియనివాళ్లని ఎలా మోసం చేస్తారో ఇంతకంటే చిన్నగా చెప్పలేరు. మా ఇళ్లల్లో అప్పు కాగితం మీద వేలిముద్ర వేసిన ప్రతి మనిషికీ ఆ సీను అర్థమవుతుంది.

గొడవ వచ్చింది చివరి సీను దగ్గర. నీకేం కావాలి అని రామ్ అడిగితే, చదువు కావాలంటాడు భీమ్. మాలో ఇద్దరికి అక్కడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరికి కోపం వచ్చింది. మొదటివాళ్లు అన్నారు, మన నాన్నలు అడిగిందీ అదే కదరా అని. రెండోవాళ్లు అన్నారు, నిజం భీమ్ ఎవర్నీ అలా అడగలేదురా అని. ఆయన జీవితం గురించి చెప్పే కథల్లో చాందాలో ప్రెస్సు నడిపే విఠోబా దగ్గర పని చేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఉంటుంది. అంటే పని చేసి నేర్చుకున్నాడు. జల్ జంగల్ జమీన్ అని నినాదమిచ్చి, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులతో పోరాడుతూ చనిపోయాడు. కల్పిత కథేనని సినిమావాళ్లు ముందే చెప్పారు, సరే. కానీ కల్పనలో కూడా చదువు ఇచ్చే చెయ్యి ఒకరిదే, పట్టే చెయ్యి ఒకరిదే ఎందుకవ్వాలి? ఈ వాదన ఇంకా తేలలేదు. సినిమా మాత్రం ఐదుగురం మూడుసార్లు చూశాం, దాచేదేముంది.

మూడోది కాంతార. తెలుగులో అక్టోబర్ 15న వచ్చింది. ఫారెస్టు ఆఫీసరు వచ్చి ఇది మీది కాదు, రిజర్వు ఫారెస్టు అని హద్దు చూపిస్తుంటే మా చెంచు వాడు సీట్లో ముందుకొచ్చేశాడు. వాళ్ల గూడెం పులుల అడవి అంచున ఉంది. తేనెకి వెళ్లాలన్నా గేటు దగ్గర జవాబు చెప్పాలి. చివర్లో దేవుడు పూనిన శివ అందరి చేతులూ తీసుకొచ్చి ఆ ఆఫీసరు చేతితో కలిపితే హాలంతా నిశ్శబ్దం. బయటికొచ్చాక వాడు, దేవుడు రాకపోతే మా పట్టా కాగితం సంగతేందిరా అన్నాడు. మేం నవ్వాం, వాడు నవ్వలేదు. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. దానికీ మాకూ ఇంచుమించు ఒకటే వయసు.

నాలుగోది ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం, నవంబర్ 25. వంతెన లేదు, ఆసుపత్రి లేదు, ఓటు మాత్రం ఎందుకు వెయ్యాలి అని అడిగే ఊరు. అల్లరి నరేష్ ఎన్నికల డ్యూటీకొచ్చిన తెలుగు మాస్టారు. మేం వెళ్లిన ఆటకి హాల్లో పాతికమంది కూడా లేరు, అదే బాధ.

నవంబర్ 15న కృష్ణ గారు పోయారు. బుర్రిపాలెం మాకు పక్కూరి కింద లెక్క. 1974 నాటి అల్లూరి సీతారామరాజు మా నాన్నలందరికీ ఒకటే సినిమా. ఆ రాత్రి ఫోన్ చేస్తే మా నాన్న అన్నాడు, మన్యంవాళ్లు పోరాడారని మాకు చెప్పింది ఆ సినిమానేరా అని.

ఇప్పుడు లిస్టులో లేని సినిమా గురించి. ఏప్రిల్ 2, ఉగాది రోజు రవితేజ టైగర్ నాగేశ్వరరావు మొదలైంది. స్టువర్టుపురం దొంగ కథ. మా ఎరుకల వాడిది స్టువర్టుపురమే. ఇంతకుముందు బాపట్ల వైపు అని రాశాం కదా, వాడు ఎవరడిగినా అలాగే చెప్తాడు. ఫస్టియర్‌లో ఒకసారి ఊరి పేరు చెప్తే, పక్క బెంచీవాడు నవ్వుతూ పర్సు జేబు మార్చుకున్నాడు. ఆ తర్వాత ఊరి పేరు ఎత్తలేదు.

1911 నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్‌వాళ్లు కుటుంబాలకి కుటుంబాలనే తెచ్చి పెట్టిన ఊరది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే దొంగ అన్న చట్టం. 1952లో రద్దయింది. వినుకొండలో పుట్టిన జాషువా గారి కూతురు హేమలతా లవణం అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు, పొలం చేసుకునేవాళ్లున్నారు. కానీ తెరమీద ఆ ఊరి పేరు వస్తే దొంగలతోనే వస్తుంది. 1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ వచ్చింది. మళ్లీ ఇప్పుడు ఇది.

ఇదే మా అభిప్రాయం, దీనికోసమే ఇంత రాశాం. అడవిలో ఉంటే మనల్ని వీరుల్ని చేస్తారు, మైదానంలో ఉంటే దొంగల్ని చేస్తారు. మిరప చేలో కోతకెళ్లేవాడు, హాస్టల్లో సాంబారు నీళ్లు తాగి పరీక్ష రాసేవాడు ఏ సినిమాలోనూ లేడు. యానాది అన్న మాట మేం ఈ ఏడాది చూసిన ఏ సినిమాలోనూ వినలేదు. మా యానాది వాడు నిరుడొచ్చిన జై భీమ్‌నే ఫోన్లో మళ్లీ మళ్లీ చూస్తున్నాడు, అందులో ఇరుళర్లని చూసి మావాళ్లే అంటాడు. ఒక సినిమా పేరు తెస్తుంది, ఒక సినిమా పేరు తీస్తుంది. నాయక్ అన్న పేరు ఒక్క శుక్రవారంతో తలెత్తుకోగలిగితే, ఒక ఊరి పేరు ఇంకో శుక్రవారంతో తల దించుకోగలదు. సినిమా సినిమాలాగా చూడండి అనేవాళ్లు పర్సు జేబు మార్చుకున్న ఆ చేతిని చూడలేదు.

టైగర్ వస్తే చూడకుండా ఉంటామా? చూస్తాం, ఐదుగురం ఒకే వరసలో కూర్చుని. బాగుంటే బాగుందని రాస్తాం. ఊరిని ఎలా చూపించారో కూడా రాస్తాం.

ఈ పోస్టు పెట్టేముందు మా ఎరుకల వాడిని అడిగాం, నీ ఊరి పేరు తీసెయ్యమంటావా అని. కాసేపు ఆలోచించి, ఉండనీ అన్నాడు. ఈ ఏడాదిలో మాకు బాగా నచ్చిన సీను అదే.

మీ లిస్టులు కింద రాయండి. మీ ఊరి పేరుతో సహా రాయండి.