ముగింపు ఉన్న ఆటే కొనండి

అమెరికా నుంచి చుట్టాలు వస్తున్నారంటే ఒకప్పుడు చాక్లెట్లు, సెంటు సీసాలు తెమ్మని కబురు పెట్టేవాళ్లం. ఇప్పుడు మా గరివిడి లాంటి ఊళ్లో కూడా పిల్లలు మేనమామకి వాట్సాప్‌లో బొమ్మ పంపి మరీ అడుగుతున్నది చేత్తో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్. మామయ్య తెస్తాడు, పిల్లలు గంతులేస్తారు, వారం తిరక్కుండా ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. కళ్లు పోతాయని అమ్మ, ఫోన్ కన్నా నయమే కదా అని నాన్న. మామ్మ అయితే ఏకంగా ‘ఏటర్రా ఆ పెట్టి, బీరువాలో పడేసి తాళం ఎయ్యండి’ అంటుంది.

ఈ తగవులో గంటల లెక్క అందరూ అడుగుతారు. అందులో ఏ ఆట ఉందో ఒక్కరూ అడగరు. సినిమాకి వెళ్తామంటే ఏ సినిమా అని అడిగే మనం, అరవై రకాల ఆటలకి కలిపి ‘వీడియో గేమ్’ అని ఒకటే పేరు పెట్టేస్తాం. నా మటుకు నాకు, పిల్లాడు ఆట ఆపలేకపోతున్నాడంటే ముందు పరీక్షించాల్సింది ఆ ఆటని ఎలా కట్టారన్నది. పిల్లాడి సంగతి తర్వాత.

రాత్రి ఎనిమిదిన్నరకి కంచాలు పెట్టి ‘రా నాన్నా, అన్నం చల్లారిపోతోంది’ అని పిలుస్తారు. ‘ఒక్క నిమిషం’ అని జవాబు. పది నిమిషాలవుతుంది. నాన్న లేచి వెళ్లి కన్సోల్ లాక్కుంటాడు. ఏడుపు, అరుపులు, కంచం ముందు నుంచి లేచిపోవడం. మనకి కనిపించేది మొండి పిల్లాడు. తెర మీద జరిగేది వేరు. నింటెండో స్విచ్‌లో ఒంటరిగా ఆడే ఆటని పవర్ బటన్ ఒక్కసారి నొక్కి ఉన్నచోటే నిద్రపుచ్చవచ్చు. మర్నాడు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. అలాంటి ఆట మధ్యలో లేస్తే పోయేదేమీ లేదు. ఇంటర్నెట్‌లో జట్టుగా ఆడే పోటీ ఆటలో మాత్రం ‘కాసేపు ఆపు’ అన్న మాటే లేదు. లేస్తే జట్టు ఓడిపోతుంది, స్నేహితులు రేపు బడిలో నిలదీస్తారు. ఆఖరి ఓవర్ వేస్తున్నవాణ్ని అన్నానికి పిలిస్తే వస్తాడా? అటువంటి ఆట కొనిచ్చి, రాత్రి ఎనిమిదింటికి ఆడనిచ్చి, ఎనిమిదిన్నరకి పిలిచి, రాలేదని కొట్టడం న్యాయం కాదు.

అసలు చాలా ఇళ్లలో ఆ ఆటని కొని కూడా ఉండరు. ఉచితంగా దిగింది. ఉచితమన్నదే మధ్యతరగతి ఇంటికి పెద్ద ఉచ్చు. డబ్బు తీసుకోని ఆట పిల్లాడి సమయం తీసుకుంటుంది, ఆ తర్వాత నిదానంగా డబ్బూ తీసుకుంటుంది. రోజూ తెరిస్తే ఒక బహుమతి, ఒక్కరోజు మానితే గొలుసు తెగినట్టు. బొమ్మకి కొత్త చొక్కా కావాలంటే ఇంత. ఫోర్ట్‌నైట్ అనే ఆటని తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకొచ్చి 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు, బటన్లు తికమకగా పెట్టి జనం చేత అనుకోని కొనుగోళ్లు చేయించారన్న ఆరోపణ మీద వాపసు ఇవ్వాల్సిన సొమ్ము. డబ్బు కడితే లోపల ఏముందో తెలియని పెట్టె తెరుచుకునే ‘లూట్ బాక్స్’ పద్ధతి జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆటలని నిషేధించింది. మంచిదే. కానీ బొమ్మకి చొక్కా కొనమనే ఆట దాని కిందకి రాదు. అక్కడ కాపలా ఉండాల్సింది మీరే. కన్సోల్‌కి మీ కార్డు నంబరు ఇవ్వకపోవడంతో సగం కాపలా అయిపోతుంది.

మరి దేన్ని కొనాలి? ఒక్కసారి డబ్బు కట్టి పూర్తిగా మనదయ్యే ఆట. ఎక్కడో ఒకచోట అయిపోయే ఆట. కనీసం ఒక్కో అంకమైనా పది పదిహేను నిమిషాల్లో ముగిసే ఆట. పక్కన కూర్చున్న మనిషితో ఆడగలిగే ఆట. ఈ మూడూ కుదిరితే కళ్లు మూసుకుని కొనమని చెప్పను గానీ, కన్సోల్ లాక్కునే అవసరం చాలావరకు తప్పుతుంది.

పెట్టె మీద వయసు గుర్తు చూడండి. యూరప్ పెట్టెలైతే 3, 7, 12, 16, 18 అని అంకెలుంటాయి. అమెరికా పెట్టెలైతే అక్షరాలు: ‘ఇ’ అందరికీ, ‘ఇ 10 ప్లస్’ పదేళ్లు దాటినవాళ్లకి, ‘టి’ పదమూడు దాటినవాళ్లకి, ‘ఎం’ పదిహేడు దాటినవాళ్లకి. ఇక్కడొక మెలిక ఉంది. ఆ అంకె ముఖ్యంగా చెప్పేది హింస, బూతు, భయం లాంటివి ఎంతున్నాయన్నది. ఆట ఎంత కష్టమో, ఎంత వదలకుండా పట్టుకుంటుందో చెప్పదు. 3 అని రాసి ఉన్న ఆట కూడా పిల్లాణ్ని రోజంతా కూర్చోబెట్టగలదు. ఆటలో కొనుగోళ్లుంటే ఆ సంగతీ పెట్టె మీద వెయ్యడం 2018 నుంచి మొదలైంది. నన్నడిగితే వయసు అంకె కన్నా ముందు ఆ చిన్న అక్షరాలు చదవాలి.

పేర్లు చెప్పమంటారా? మొదట నేను చెప్పేది ‘51 వరల్డ్‌వైడ్ గేమ్స్’. 2020లో వచ్చింది. అమెరికా నుంచి తెప్పించుకుంటే దాని పేరు ‘క్లబ్‌హౌస్ గేమ్స్’. మాన్‌కాలా అని అందులో మొదటి ఆట. గుంటల్లో గింజలు పంచుకుంటూ పోయే ఆ ఆటని చూడగానే మామ్మ ‘ఇది మన వామనగుంటలే కదే’ అంటుంది. లెక్క కొంచెం తేడా, ఆట వరస అదే. క్యారమ్స్ ఉంది, లూడో ఉంది, చదరంగం ఉంది, మన ‘దాడి’ ఆట ఇంకో పేరుతో ఉంది. ఏదైనా కాసేపట్లో అయిపోతుంది. పెద్దవాళ్లకి నియమాలు ముందే తెలుసు కాబట్టి మొదటి రోజే మనవణ్ని ఓడించగలరు. వాడి మొహం చూడాలి అప్పుడు! అసలు చింతగింజలుండగా దీనికింత డబ్బు దేనికని మీరడగవచ్చు. నిజమే. గింజలుంటే గింజలతోనే ఆడండి. కన్సోల్ ఎటూ ఇంటికొచ్చేసింది కాబట్టి చెబుతున్నాను.

‘మారియో కార్ట్ 8 డీలక్స్’ బండి పందాల ఆట. ఒక్కో పందెం రెండు మూడు నిమిషాలే. ‘ఇంకో రెండు పందాలు, తర్వాత అన్నం’ అంటే పిల్లలకీ అర్థమవుతుంది, మాట మీదా నిలబడగలరు. బండి దారి తప్పకుండా కాచే ఏర్పాటు ఉంది, దాన్ని పెట్టిస్తే అయిదేళ్ల పిల్లలూ, ఎప్పుడూ ఆడని అమ్మలూ పందెం పూర్తి చేస్తారు. ‘యానిమల్ క్రాసింగ్’ 2020 మార్చిలో, లాక్‌డౌన్ రోజుల్లో, ప్రపంచమంతా ఆడిన ఆట. మన గడియారంతో పాటే నడుస్తుంది; రాత్రి పదింటికి అందులో కొట్టు కట్టేస్తారు. మెల్లగా సాగుతుంది, శత్రువులు లేరు. కాకపోతే రోజూ రమ్మని పిలుస్తుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి.

పెద్ద పిల్లలుంటే ‘వెన్బా’ చూడండి. 2023లో వచ్చింది. 1980ల్లో కెనడా వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ. అమ్మ తెచ్చుకున్న వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, మిగిలిన ముక్కల్ని బట్టి ఇడ్లీ ఎలా వెయ్యాలో ఆడేవాళ్లే కనిపెట్టాలి. గంటన్నరలో మొత్తం అయిపోతుంది, ఒక సినిమా కన్నా తక్కువ. కొడుకు అమ్మ భాషకి దూరమైపోయే కథ అది. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న ఇంట్లో ఆడితే అమ్మలు కళ్లొత్తుకోవడం ఖాయం.

‘మైన్‌క్రాఫ్ట్’ మంచి ఆటే గానీ దానికి ముగింపు లేదు. గంట అని చెప్పే బదులు ‘ఈ గోడ కట్టేదాకా’ అని పని లెక్కన ఒప్పందం చేసుకోండి. మెదడుకి పదును, చదువుకి సాయం అని అమ్మే ఆటల మాట మాత్రం నమ్మకండి. అలా ప్రచారం చేసుకున్న లూమోసిటీ కంపెనీ, ఆధారాల్లేని మాటలు చెప్పారన్న ఫిర్యాదు మీద 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మార్కుల కోసం ఆట కొంటే అటు మార్కులూ రావు, ఇటు ఆటా ఉండదు.

జాతర అంగళ్లలో కొన్ని వందలకే దొరికే ‘400 ఆటల పెట్టె’ సంగతి చెప్పలేదంటారేమో. నవ్వకండి, ఏడేళ్ల పిల్లలకి అదేమంత చెడ్డది కాదు. ఇంటర్నెట్ లేదు, కొనమనే బటన్ లేదు, చుట్టుతిరిగి అవే ఆటలు కాబట్టి వాళ్లకే విసుగొస్తుంది. తెర మాత్రం మరీ చిన్నది.

తెర అంటే గుర్తొచ్చింది. చవకగా వస్తోందని మామయ్యతో ‘స్విచ్ లైట్’ తెప్పించకండి. దాని తెర 5.5 అంగుళాలు, టీవీకి తగిలించడం కుదరదు, చేతిపిడులు విడిగా రావు. అంటే ఒక్కడు ఒక మూల కూర్చుని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఆడాల్సిన యంత్రమన్నమాట. మామూలు స్విచ్ అయితే టీవీకి పెట్టుకోవచ్చు, పక్క పిడులు రెండూ ఊడదీసి ఇద్దరు చెరొకటి పట్టుకోవచ్చు. కళ్లకి దూరం పెరుగుతుంది, ఆట హాల్లోకి వస్తుంది, చెల్లికి కూడా వంతు దొరుకుతుంది. ఈ ఆఖరిది చిన్న విషయం కాదు. చాలా ఇళ్లలో కన్సోల్ అన్నయ్యది, చెల్లి ప్రేక్షకురాలు. పిల్ల అడగలేదు కదా అని సరిపెట్టుకోకండి.

ఇక సమయం. రెండేళ్లలోపు పిల్లలకి తెర వద్దే వద్దని, అయిదేళ్ల దాకా రోజుకి గంట మించకూడదని, అయిదు నుంచి పదేళ్ల మధ్య మొత్తం తెర సమయం రెండు గంటలలోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. మొత్తం అంటే టీవీ, ఫోన్ కలిపి. ఆడేటప్పుడు గంటకోసారి పది పదిహేను నిమిషాలు విరామం తీసుకోమని నింటెండో కంపెనీ స్వయంగా చెబుతుంది. ఫోన్లో వాళ్ల పేరెంటల్ కంట్రోల్ యాప్ పెట్టుకుంటే రోజుకి ఎంతసేపో మీరే కట్టడి చెయ్యవచ్చు.

మే నెలలో మా గరివిడిలో పదకొండు దాటితే రోడ్డు మీద కుక్క కూడా కనబడదు. ఆ ఎండలో పిల్లల్ని బయటికి తరమలేం. మధ్యాహ్నం ఇంట్లో గంట ఆడుకుంటే కొంప మునగదు. ఉదయం ఏడు లోపు, సాయంత్రం అయిదు తర్వాత మాత్రం వాళ్లు గుమ్మం దాటాల్సిందే. ఇది క్రమశిక్షణ కోసం చెప్పడం లేదు, కళ్ల కోసం. హ్రస్వదృష్టి రాకుండా కాపాడేవాటిలో ఆరుబయటి వెలుతురు ముఖ్యమైనది. అందుకే తైవాన్ 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం పెట్టుకుంది. అక్కడ ప్రభుత్వం పూనుకోవాల్సి వచ్చింది. మనకి కంపెనీ క్వార్టర్ల మధ్య చెట్ల నీడలూ, కాలేజీ మైదానాలూ ఇంకా ఉన్నాయి.

ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే కన్సోల్ కొనే ముందే డాక్టర్‌ని అడగండి. మిలమిల మెరిసే వెలుగులు కొందరిలో మూర్ఛని రేపుతాయి. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లోని మెరుపులకే వందల మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు.

లాక్కున్నప్పుడు ఏడ్చినంత మాత్రాన అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ‘గేమింగ్ డిజార్డర్’ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆట మీద అదుపు లేకపోవడం, తిండి, నిద్ర, చదువు, స్నేహితుల కన్నా ఆటే ముందుకి రావడం, నష్టం కళ్లెదురుగా కనిపిస్తున్నా సాగించడం దాని లక్షణాలు. అదీ సాధారణంగా ఏడాది పాటు కనిపించాలి. అలా అనిపిస్తే ఏడాది నిండేదాకా కూర్చోకండి. టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే మన భాషలోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఆఖరుగా కొనుగోలు మాట. ఒక్కో ఆట మూడు నాలుగు వేల పైమాటే, కాబట్టి ఏడాదికి రెండో మూడో చాలు. డౌన్‌లోడ్ కన్నా చిప్పు రూపంలో ఉన్నది కొనండి. డౌన్‌లోడ్ చేసినది అమ్మలేం. చిప్పు అయితే పని అయిపోయాక అమ్మెయ్యొచ్చు, వెనక వీధి పిల్లలతో మార్చుకోవచ్చు. ఎవరి దగ్గర ఏ ఆట ఉందో ఒక కాగితం మీద రాసుకుంటే నాలుగిళ్లు కలిసి పది ఆటలు ఆడతాయి. చంటిపిల్లలున్న ఇంట్లో చిప్పులు వాళ్లకి అందకుండా పెట్టండి; నోట్లో పెట్టుకోకుండా స్విచ్ చిప్పులకి కావాలనే భరించలేని చేదు పూత పూస్తారు. నమ్మకం లేకపోతే మీరే ఒకసారి నాలిక్కి తగిలించి చూడండి.